ఆదివాసీ పిల్లల ఎదుగుదలను ఎవరు కొలవాలి?

దేశంలో అయిదేళ్లలోపు గిరిజన పిల్లల్లో 40.9 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదని 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అన్ని వర్గాల పిల్లల్నీ కలిపి చూస్తే ఆ లెక్క 35.5. ఈ రెండు అంకెలూ పేపర్లో పక్కపక్కన పడగానే మన బుర్రలో ఒక కథ తయారైపోతుంది: అడవిలో ఉంటారు, తిండి చాలదు, చదువు లేదు, అందుకే ఇలా. హైదరాబాద్‌లో కూర్చుని ఆ కథ చెప్పుకోవడం చాలా తేలిక. ఆ 40.9 ఎలా పుట్టింది, అందులో ఎవరున్నారు, ఎవరు జారిపోయారు, ఎత్తు కొలిచిన మనిషి ఆ తల్లితో ఏ భాషలో మాట్లాడారు అని అడగడం మొదలుపెట్టాక మాత్రం అది అంత తేలిగ్గా నిలబడదు.

అడగడానికి ఈ ఊరు సరైన చోటే. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్ఐఎన్ అంటారు. 1918లో కూనూర్‌లో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. దానికి దగ్గర్లోనే, హబ్సిగూడలో, జన్యువుల మీద పనిచేసే సీసీఎంబీ. మాసబ్ ట్యాంక్‌లో గిరిజన పరిశోధన, శిక్షణ సంస్థ, దాని మ్యూజియం. బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం సెస్. ఆదివాసీ పిల్లల ఎత్తులు, బరువులు, రక్తనమూనాలు, నిన్నేం తిన్నారో రాసుకున్న పట్టికలు ఈ నగరానికి చేరడం కొత్తేమీ కాదు. వెనక్కి వెళ్లడమే అరుదు.

ముందు ఆ సగటు సంగతి చూద్దాం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. అది ఒకే కుండ అయినప్పుడు మాట. ‘షెడ్యూల్డ్ తెగలు’ ఒకే కుండ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ ప్రాంతంలో గిరిజనులు దాదాపు 32 లక్షల మంది. వారిలో 20 లక్షలకు పైగా లంబాడాలే. మిగతావాళ్లలో కోయలు, గోండులు, ఎరుకలు, ఇంకా చాలా తెగలు. ప్రత్యేకంగా వెనుకబడ్డ తెగలుగా ప్రభుత్వం గుర్తించిన చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు వీళ్లందరి మధ్యా చిన్న చుక్కల్లాంటివాళ్లు. ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద తోటీలు అయిదు వేల లోపే. కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లాకు కొన్ని ఇళ్లు చొప్పున యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. అందులో కొలాం పిల్లలు పదిమంది పడితే గొప్పే. అంటే రాష్ట్రంలో ‘గిరిజన పిల్లల పరిస్థితి’ అని మనం చదివేది చాలావరకు తండాల పరిస్థితి. తండాకు రోడ్డుంటుంది, పట్నంలో కూలికి వెళ్లే మనుషులుంటారు. నల్లమల అడవిలో అప్పాపూర్ లాంటి చెంచు పెంటలో, అంటే వాళ్ల చిన్న గూడెంలో, పుట్టిన బిడ్డ సంగతి ఆ సగటు చెప్పదు. చెప్పకపోగా, చెప్పినట్టు మనల్ని నమ్మిస్తుంది. నాకు అసలు అభ్యంతరం అక్కడే.

గిరిజన ప్రాంతాలను విడిగా చూసిన సర్వేలు లేకపోలేదు. ఎన్ఐఎన్ ఆధ్వర్యంలో 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో 1985–87లో, 1998–99లో, మళ్లీ 2007–08లో వివిధ రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో తిండినీ ఎదుగుదలనూ కొలిచింది. 2015లో ఆ బ్యూరోనే మూతపడింది. ఇలాంటి వార్తలు మొదటి పేజీలోకి రావు కానీ, ఆ తర్వాత వచ్చిన ప్రతి వాదనలోనూ ఆ లోటు కనిపిస్తుంది.

ఇక కొలవడం. ఎత్తు కొలవడం కష్టం కాదు. రెండేళ్లలోపు బిడ్డను చెక్క మీద పడుకోబెట్టి, ఒకరు తల పట్టుకుని, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా అదిమి, బిడ్డ ఏడుపు మధ్యలో అంకె చదవాలి. అదీ చేతనవుతుంది. అసలు చిక్కు వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 24 నెలల మగపిల్లాడి ఎత్తు 81 సెంటీమీటర్లకు తగ్గితే గిడసబారినట్టు లెక్క. 30 నెలలకు ఆ గీత 85 దాటుతుంది. 83 సెంటీమీటర్ల పిల్లాడిని తల్లి “రెండేళ్లు” అంటే మామూలు పిల్లాడని రాస్తారు. “రెండున్నర” అంటే గిడసబారాడని రాస్తారు. పిల్లాడు మాత్రం వాడే. ఇంట్లో పుట్టి, పుట్టిన తేదీ కాగితం లేని చోట ఈ ఆరు నెలల తేడా చాలా మామూలు విషయం. పైగా తెలియనప్పుడు ఎవరైనా గుండుగుత్తగా రెండేళ్లు, మూడేళ్లు అనే చెబుతారు.

అందుకే పనితెలిసిన సర్వే బృందాలు తారీకు అడగవు. ఊరికి తెలిసిన సంఘటనలతో ఒక క్యాలెండర్ ముందే తయారు చేసుకుంటాయి. ఉట్నూరు వైపు అయితే కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందా తర్వాతా, ఆ ఏడు ఇప్పపువ్వు ఏరడం మొదలయ్యాకనా, పోడులో విత్తనాలు వేసేటప్పుడా, పంట ఇంటికి వచ్చాకనా అని అడుగుతారు. ములుగు వైపు అయితే మేడారం జాతర పెద్ద గుర్తు. రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఏ జాతరకు కడుపుతో వెళ్లిందో తల్లికి బాగా గుర్తుంటుంది. ఈ క్యాలెండర్‌ని హైదరాబాద్‌లో ఏసీ గదిలో తయారు చేయలేం. ఆ గూడెంలో పెద్దవాళ్లతో కూర్చోవాల్సిందే. సర్వే బడ్జెట్లో మొదట కోత పడేది కూడా ఆ రోజులకేనని నా అనుమానం.

బరువుకి ఇంకో సమస్య. ఎత్తు ఒక్క నెలలో తగ్గదు, బరువు తగ్గుతుంది. పంట చేతికొచ్చిన నెలల్లో కొలిస్తే ఒకలా, ఆషాఢ శ్రావణాల్లో, గింజలు అడుగంటి జ్వరాలు మొదలైనప్పుడు కొలిస్తే మరోలా ఉంటుంది. రెండు సర్వేల మధ్య పరిస్థితి మెరుగైందని సంబరపడే ముందు రెండూ ఏ నెలల్లో జరిగాయో చూసుకోవాలి. వానాకాలంలో వాగులు పొంగితే సర్వే బృందం గూడేనికి వెళ్లలేదు కాబట్టి, చాలా సర్వేలకు అసలు గడ్డు నెలలే దొరకవు.

“వాళ్లు జాతిరీత్యానే పొట్టి, మన కొలతలు వాళ్లకెందుకు” అనే మాట కూడా తరచూ వినబడుతుంది. ఈ వాదన కొట్టిపారేయదగ్గది కాదు, కానీ బలమైందీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో తిండికీ శుభ్రతకీ లోటు లేని ఇళ్లలో, తల్లిపాలు తాగి పెరిగిన పిల్లల్ని కొలిచి తయారు చేసినవి. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. ఇన్ని జాతుల పిల్లలూ సౌకర్యాలు సమానంగా ఉన్నప్పుడు చిన్న వయసులో దాదాపు ఒకేలా పెరిగారన్నదే ఆ అధ్యయనం తేల్చింది. కొండరెడ్డి బిడ్డకి ఆ సౌకర్యాలు ఇచ్చి చూశాక జాతి గురించి మాట్లాడుకోవచ్చు.

ఆరోగ్యం సరే, ‘వికాసం’ కొలవడం ఇంకా తికమక. మాటలు, చేతులతో చేసే పనులు, గుర్తుపెట్టుకోవడం లాంటివి చూసే పరీక్షల్లో బొమ్మలుంటాయి, రంగు దిమ్మలుంటాయి. “బస్సు ఏదో చూపించు” అంటారు. గోండి మాట్లాడే ఇంట్లో పెరిగిన మూడేళ్ల పాపకు తెలుగులో ఆ ప్రశ్న వేస్తే తేలేది ఆ పాప బుద్ధి కాదు, ఆ పాపకు తెలుగు ఎంత వచ్చన్నది. అదే పాప ఏ పుట్టగొడుగు తినొచ్చో ఏది తినకూడదో అక్క పక్కన నడుస్తూ నేర్చుకుని ఉండొచ్చు. ఆ ప్రశ్నకి పరీక్షలో గడి లేదు. పరీక్షను అనువదిస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. కొత్త మనిషి ముందు గబగబా జవాబు చెప్పడమే తెలివి అనుకునే ఇళ్లు వేరు, పెద్దవాళ్ల ముందు నోరు మూసుకుని గమనించడమే మర్యాద అనుకునే ఇళ్లు వేరు. మౌనంగా ఉన్న పిల్లకు సున్నా వేసేస్తే, ఆ సున్నా ఆ పిల్ల ఫైల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది ఒక్కసారి వెళ్లి కొలిచే సర్వేల గురించి. అవి ఎంత మంది అనేది చెబుతాయి, ఎందుకు అనేది అంతగా చెప్పలేవు. ఎందుకో తెలియాలంటే అదే పిల్లల్ని, వాళ్ల ఇంటినీ కలిపి, ఏళ్ల తరబడి వెంబడించాలి. ఈ పనికి హైదరాబాద్ పొలిమేరల్లోనే గొప్ప ఉదాహరణ ఉంది.

1987–90 మధ్య నగరానికి దగ్గర్లోని 29 గ్రామాల్లో ఎన్ఐఎన్ ఒక ప్రయోగం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు రోజుకు సుమారు 500 కేలరీలు, పిల్లలకు సుమారు 300 కేలరీలు ఇచ్చే అదనపు తిండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా. మిగతా 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం ఇంకా చేరలేదు. అప్పట్లో తేలింది పెద్దగా లేదు. పుట్టిన బరువులో కొద్ది గ్రాముల తేడా, అంతే. అక్కడితో ఫైలు మూసేసి ఉంటే ‘ఉప్మా వల్ల లాభం లేదు’ అని రాసుకునేవాళ్లం. 2003–05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసులో ఉండగా పరిశోధకులు మళ్లీ వెతుక్కుంటూ వెళ్లారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు రెండో వైపు పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. అంటే కడుపులో ఉన్నప్పుడూ బాల్యంలోనూ తిన్న తిండి ప్రభావం గుండె మీద పదిహేనేళ్లకు కనబడింది. తర్వాత ఆ అధ్యయనం తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కూడా చేర్చుకుని పిల్లలు–తల్లిదండ్రుల అధ్యయనంగా మారింది.

యంగ్ లైవ్స్ అనే ఇంకో అధ్యయనం 2002 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లో 3,000 మంది పిల్లల్ని వెంబడిస్తోంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ పనిలో ఇక్కడ సెస్ పాలుపంచుకుంది. ఇందులో తేలిన ముఖ్యమైన సంగతి: ఏడాది వయసులో గిడసబారిన పిల్లల్లో కొందరు తర్వాత కోలుకున్నారు, అప్పుడు బాగున్న పిల్లల్లో కొందరు తర్వాత వెనకబడ్డారు. మొదటి వెయ్యి రోజులు (కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా) దాటితే ఇక చేయగలిగిందేమీ లేదన్న నిరాశకు ఇది గట్టి జవాబు. కాకపోతే ఈ రెండు అధ్యయనాలూ ఆదివాసీల కోసం పెట్టినవి కావు. ఒకదానిలో ప్రశ్నే వేరు. రెండోదానిలో గిరిజన పిల్లలున్నా కొన్ని వందల మందే, వాళ్లను మళ్లీ తెగలవారీగా విడగొట్టి చూడలేం.

ప్రత్యేకంగా ఆదివాసీ పిల్లల కోసమే పెట్టిన దీర్ఘకాల అధ్యయనం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆస్ట్రేలియా వైపు చూడాలి. అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల పిల్లలు దాదాపు 1,700 మందిని 2008 నుంచి అక్కడి ప్రభుత్వం ఏటా కలుస్తూ వచ్చింది. ‘ఫుట్‌ప్రింట్స్ ఇన్ టైమ్’ అని దాని పేరు. ఆరు నెలల నుంచి పద్దెనిమిది నెలల పసివాళ్లు ఒక బృందం, మూడున్నర నుంచి అయిదేళ్ల పిల్లలు రెండో బృందం. నగరాల నుంచి మారుమూల పల్లెల దాకా 11 చోట్ల. ప్రశ్నలు పిల్లలకు, తల్లికో అమ్మమ్మకో, టీచర్లకు కూడా వేస్తారు.

దాని గురించి నాకు ఆసక్తి కలిగించింది అంకెలు కాదు, మొదలుపెట్టిన తీరు. డబ్బు మంజూరయ్యాక కూడా కొన్నేళ్లు ఎవర్నీ కొలవలేదు. ఊళ్లు తిరిగి, పిల్లలు బలంగా ఎదగడానికి ఏం కావాలని మీరనుకుంటున్నారు అని అడిగారు. అధ్యయనాన్ని నడిపించే కమిటీకి ఆదివాసీ న్యాయకోవిదుడు మిక్ డాడ్సన్ అధ్యక్షుడు. ఇళ్లకు వెళ్లి అడిగేవాళ్లు కూడా ఆదివాసీలే. తెల్లపిల్లలతో పోల్చి ఎంత తక్కువో తేల్చడం కోసం పెట్టలేదు దాన్ని. ఈ పిల్లల్లో బాగా ఎదుగుతున్నవాళ్లు ఎందుకు బాగా ఎదుగుతున్నారన్నది అసలు ప్రశ్న. ప్రశ్న అలా తిప్పి వేయగానే అడగాల్సినవి మారిపోయాయి. భాష, తాత ముత్తాతల నేలతో సంబంధం, ఇంట్లో పెద్దవాళ్లను చిన్నప్పుడు ప్రభుత్వం కుటుంబం నుంచి లాక్కుపోయిందా లేదా, ఇవన్నీ ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలయ్యాయి. తరాల తరబడి అక్కడి అధికారులు కాగితాలతో వచ్చి పిల్లల్ని పట్టుకుపోయారు. అందుకు ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది కూడా 2008లోనే. అలాంటి చోట కొత్త మనిషి కాగితం పట్టుకుని వచ్చి “మీ పాప ఎలా ఉంది” అంటే తల్లి ఏం చెబుతుంది?

మన దగ్గర ఆ చరిత్ర లేదు, కానీ భయాలు మనవి మనకున్నాయి. ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉండే చెంచు తల్లిని “నిన్న ఏం తిన్నారు” అని అడిగారనుకోండి. ఉడుము మాంసం తిన్నామని ఆమె ఎందుకు చెబుతుంది? అది వన్యప్రాణి చట్టం కింద కేసయ్యే మాట. జీపులో దిగిన మనిషి పోషకాహారం వాడో ఫారెస్టు వాడో ఆమెకెలా తెలుస్తుంది? బియ్యం, కారం, పప్పు అని చెప్పి ఊరుకుంటుంది. మాంసకృత్తులు లేని తిండి అని మనం రాసుకుంటాం. ఎన్ఐఎన్ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 రకాల పదార్థాల వివరాలున్నాయి, చాలా గొప్ప పని అది. అయినా నల్లమలలో తవ్వుకొచ్చే ప్రతి దుంపకీ అందులో వరుస లేదు. చెప్పనిది కొంత, చెప్పినా రాసుకోవడానికి చోటు లేనిది కొంత. చివరికి లెక్క తేలేసరికి ఆ ఇంటి తిండి అసలు కంటే పలుచగా కనబడుతుంది.

నమ్మకం ఎలా పోతుందో తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ ఖమ్మం. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల గిరిజన బాలికలు. గుజరాత్‌లో జరిగిన భాగంతో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదనే విచారణ కమిటీ చెప్పింది, టీకా మంచిదే కూడా. కానీ అనుమతి పత్రాల సంగతి వేరు. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. తల్లిదండ్రులది కాదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత అదే మన్యంలో ఏ టీకా గురించి చెప్పాలన్నా ఏఎన్ఎంకి ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు.

రక్తం సంగతి ఇంకా సున్నితం. అమెరికాలో హవసుపాయ్ అనే చిన్న తెగ వాళ్లు మధుమేహం గురించి తెలుసుకుంటామంటే 1990ల్లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి రక్తం ఇచ్చారు. అదే రక్తంతో మానసిక వ్యాధుల మీద, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీద కూడా పరిశోధనలు జరిగాయని తర్వాత తెలిసి కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగిచ్చేసింది. సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తజబ్బు. ఇక్కడ 2023లో మొదలైన దాని నిర్మూలన మిషన్ ఏడు కోట్ల మందికి, ముఖ్యంగా గిరిజన ప్రాంతాల్లో, నలభై ఏళ్లలోపు వారికి పరీక్ష చేయాలని పెట్టుకుంది. చేయాల్సిన పనే. సికిల్ సెల్ ఉన్న బిడ్డను ముందే గుర్తిస్తే బతికించుకోవచ్చు. కానీ ఫలితం ఒక కార్డు మీద రాసి చేతికిచ్చి వెళ్లిపోతే, పెళ్లిళ్ల దగ్గర ఆ కార్డు ఏ పని చేస్తుందో ఆడపిల్లల తల్లులకు బాగా తెలుసు. పరీక్షకు ముందు ఒక మాట, తర్వాత పది మాటలు మాట్లాడే మనిషి, వాళ్ల భాషలో మాట్లాడే మనిషి అక్కడే ఉండాలి.

అలాంటి మనుషుల్ని తయారు చేయడం సాధ్యమేనని మన ఆసిఫాబాద్ సరిహద్దు అవతలే రుజువైంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ పసికందుల మరణాలను పదేపదే లెక్కగట్టారు. తర్వాత 39 ఊళ్లలో ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి, ఇంటికే వెళ్లి పుట్టిన బిడ్డను చూసుకునే పని అప్పగించారు. పుట్టిన నెలలోపు మరణాలు వెయ్యికి 62 నుంచి మూడేళ్లలో 25.5కి దిగాయి. 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చైన ఈ ఫలితాలే తర్వాత దేశమంతా ఆశా కార్యకర్తలు నవజాత శిశువుల ఇళ్లకు వెళ్లే కార్యక్రమానికి దారి చూపించాయి. లెక్క రాసింది, వైద్యం చేసింది, మరుసటి వారం అదే గుమ్మంలో కూర్చుని మాట్లాడింది ఒకే మనిషి కావడం వల్లే ఆ లెక్కలు నమ్మదగ్గవయ్యాయని నేననుకుంటాను. అదే బంగ్ అధ్యక్షతన 2018లో వచ్చిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ నివేదిక, దేశంలో పది కోట్ల మంది ఆరోగ్యం గురించి విడిగా లెక్కలే సరిగా లేవని చెప్పాల్సి వచ్చింది.

మనకూ ఇలాంటి దీర్ఘకాల అధ్యయనం ఒకటి కావాలంటే పెద్ద అడ్డంకి వలస. దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు తండాల నుంచి కుటుంబాలు బిడ్డలతో సహా హైదరాబాద్ బిల్డింగు పనులకు వస్తాయి. నానక్‌రామ్‌గూడలో రేకుల షెడ్డులో ఆరు నెలలు, మళ్లీ ఊరు. ఊళ్లో అంగన్‌వాడీ రిజిస్టరులో పేరుంటుంది, పిల్ల ఉండదు. ఇక్కడ పిల్ల ఉంటుంది, రిజిస్టరులో పేరుండదు. అయిదేళ్లు నిండాక ఆశ్రమ పాఠశాలకు వెళ్లే పిల్లల్ని ఇంటి దగ్గరొకసారి, బడి దగ్గరొకసారి కలవాలి. ఖర్చు ఎక్కువ. కానీ ఇలా జారిపోయే పిల్లల్ని వదిలేసి మిగిలినవాళ్లను మాత్రమే కొలిస్తే, మిగిలిన లెక్క ఎప్పుడూ అసలు కంటే బాగానే కనబడుతుంది.

నియమాలు లేవని కాదు. 2017 నాటి ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు తల్లిదండ్రుల అనుమతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతీ అడగమంటాయి, గిరిజన సమూహాల్లో సమూహం పెద్దలతోనూ మాట్లాడమంటాయి. 2023 డిజిటల్ డేటా చట్టం ఒక్కో మనిషి సమాచారానికి రక్షణ గురించి మాట్లాడుతుంది, కొలాముల సమాచారం అనే ఊహ అందులో లేదు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించాలంటే గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి, చిన్న ఖనిజాల తవ్వకానికి వాళ్ల సిఫారసు ముందే ఉండాలి. అదే గ్రామంలో పిల్లల ఎత్తులు, రక్తం, పరీక్షల మార్కులు తీసుకెళ్లేవాళ్లు ఏం తేలిందో తిరిగొచ్చి గ్రామసభకు చెప్పాలన్న మాట మాత్రం ఆ చట్టంలో లేదు.